చార్టర్ స్కూలు: ఫీజు లేని బడి, కానీ ఎవరి బడి?

మన సొసైటీ దాతల్లో అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఏటికేడు పెరుగుతున్నాయి. జకాత్, సదఖా సొమ్ము పంపినప్పుడల్లా వారు ఇక్కడి పిల్లల చదువుల గురించి అడుగుతారు. కొంతకాలంగా తమ పిల్లల చదువు గురించి కూడా అడుగుతున్నారు. వారి తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు కాబట్టి మసీదు దగ్గర కలిసినప్పుడు వారూ అదే మాట ఎత్తుతున్నారు. చార్టర్ స్కూలు అంటే ఏమిటి? అది సర్కారుదా, ప్రైవేటుదా? మనవాళ్లు పెట్టిన చార్టర్ స్కూలు ఒకటి ఉందట, ఫీజు లేదట, మనవణ్ణి ఇస్లామిక్ స్కూలు మాన్పించి అందులో వేయమంటారా?

ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. అందుకే దాని జవాబు ముందే చెప్పేస్తాం. చార్టర్ స్కూలు ప్రభుత్వ బడి. స్థాపించినవారు ఎవరైనా, బోర్డులో ఎవరి పేర్లున్నా, అక్కడ అరబీ నేర్పినా, అది ఫీజు లేని ఇస్లామిక్ స్కూలు మాత్రం కాదు. ఈ సంగతి తెలిసి చేర్పిస్తే అది చాలా మంచి బడి కావచ్చు. తెలియక చేర్పిస్తే, మూడేళ్లు గడిచాక పిల్లవాడికి ఖుర్ఆన్ నాజిరా కూడా రాలేదని ఇంట్లో అందరూ బాధపడాల్సి వస్తుంది.

చార్టర్ అన్న మాట మనకు కొత్తదేమీ కాదు. హైస్కూలు చరిత్ర పుస్తకంలో 1813 చార్టర్ చట్టం గురించి మనమంతా చదివినవాళ్లమే. ఈస్టిండియా కంపెనీకి బ్రిటిష్ పార్లమెంటు 20 ఏళ్లకోసారి అనుమతి పొడిగించేది. 1793, 1813, 1833, 1853 సంవత్సరాల్లో అలా పొడిగించింది. పొడిగించే ముందు కంపెనీ వ్యవహారాలను విచారించి, కొత్త షరతులు పెట్టేది. ఏటా లక్ష రూపాయలు భారతీయుల విద్యకు కేటాయించాలన్నది 1813లో పెట్టిన షరతుల్లో ఒకటి. కంపెనీ చేసిన పనులు ఎలాంటివో మనకు తెలుసు, వాటిని పక్కన పెడదాం. గడువు, షరతులు, విచారణ, పొడిగింపు అనే ఆ పద్ధతిని గుర్తుంచుకుంటే చార్టర్ స్కూలు సగం అర్థమైనట్టే.

అమెరికాలో మామూలు ప్రభుత్వ బడులను స్కూల్ డిస్ట్రిక్ట్ నడుపుతుంది. చార్టర్ స్కూలును దాని సొంత బోర్డు నడుపుతుంది. ఉపాధ్యాయులో, తల్లిదండ్రులో, ఒక లాభాపేక్ష లేని సంస్థో ముందుకొచ్చి, అధికారం ఉన్న సంస్థతో ఒప్పందం రాసుకుంటారు. ఆ అధికార సంస్థ కొన్నిచోట్ల డిస్ట్రిక్టే, కొన్నిచోట్ల విశ్వవిద్యాలయం, కొన్నిచోట్ల రాష్ట్ర బోర్డు. ఆ ఒప్పందమే చార్టర్. మామూలుగా దాని గడువు మూడు నుంచి ఐదేళ్లు, అరిజోనాలో మాత్రం 15 ఏళ్లు. పాఠ్యప్రణాళిక, బడి వేళలు, ఉపాధ్యాయుల నియామకం వంటి వాటిలో బోర్డుకు స్వేచ్ఛ ఉంటుంది. బదులుగా రాష్ట్ర పరీక్షల్లో ఫలితాలు చూపాలి, లెక్కలు అప్పజెప్పాలి. చూపలేకపోతే గడువు పొడిగించరు. అంటే బడి మూతపడుతుంది.

ఈ ఆలోచనను మొదట ముందుకు తెచ్చింది రే బడ్ అనే విద్యావేత్త. 1988లో ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ దాన్ని దేశమంతా వినేలా ప్రచారం చేశారు. మినసోటా రాష్ట్రం 1991లో తొలి చట్టం చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ పేరుతో తొలి బడి తెరుచుకుంది. 2010లో సుమారు 18 లక్షల మంది పిల్లలు ఈ బడుల్లో ఉంటే, 2021 నాటికి వారి సంఖ్య 37 లక్షలకు చేరింది. నెబ్రాస్కా, సౌత్ డకోటా, వెర్మాంట్ వంటి కొద్ది రాష్ట్రాలు మినహా దాదాపు అంతటా ఈ బడులున్నాయి.

మన దగ్గరి ఎయిడెడ్ స్కూలు లాంటిదే కదా అని పెద్దలు అంటుంటారు. పోలిక కొంతవరకే సరిపోతుంది. డబ్బు సర్కారుది, నిర్వహణ మరొకరిది అన్నంతవరకు రెండూ ఒకటే. ఆ తర్వాత దారులు వేరు. మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. మైనారిటీ సంస్థ అన్న కారణంతో ప్రభుత్వం సహాయంలో వివక్ష చూపకూడదని కూడా అందులోనే ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతుంది. సహాయం మాత్రమే పొందే సంస్థలో అయితే విద్యార్థి సమ్మతితో, మైనరైతే సంరక్షకుల సమ్మతితో మతబోధకు వీలుంది. కాబట్టే ఇక్కడ ముస్లిం యాజమాన్యం సర్కారు సహాయం తీసుకుంటూనే దీనియాత్ పీరియడ్ పెట్టుకోగలుగుతోంది. అమెరికా చార్టర్ స్కూలులో ఆ వెసులుబాటు లేదు.

చిరునామా, ఖురా

మన కుటుంబాలు చార్టర్ వైపు చూడటానికి అసలు కారణం ఇంటి అద్దె. అక్కడ మామూలు ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. మంచి బడి ఉన్న వీధిలో అద్దె ఎక్కువ, ఇల్లు కొనాలంటే మరీ ఎక్కువ. కొత్తగా వెళ్లిన ఉద్యోగి ముందు బడి రేటింగు చూసి, ఆ తర్వాతే అపార్టుమెంటు వెతుక్కోవడం తెలుగువాళ్లలో మామూలైపోయింది. చార్టర్ స్కూలుకు ఆ హద్దు లేదు. కొన్ని రాష్ట్రాల్లో స్థానికులకు కొంత ప్రాధాన్యం ఉన్నా, దూరంగా ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష సాధారణంగా ఉండదు. తల్లిదండ్రుల వీసా ఏదన్నది బడికి అనవసరం. వలస హోదాతో నిమిత్తం లేకుండా ప్రతి పిల్లవాడికీ ప్రభుత్వ బడిలో చోటివ్వాలని అక్కడి సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఈ మాట వినగానే ఇక్కడి పెద్దల ముఖాలు మారిపోతున్నాయి. లాటరీ అంటే జూదం, జూదం హరామ్ అని వారి భయం. ఇక్కడ ఎవరూ డబ్బు ఒడ్డరు, ఎవరూ పోగొట్టుకోరు. ఇది మన హజ్ కమిటీ తీసే ఖురా లాంటిది. హజ్రత్ మర్యమ్ (అలై) సంరక్షణ ఎవరు చేపట్టాలన్నది కలాలు వేసి తేల్చుకున్న వైనం ఖుర్ఆన్‌లోనే ఉంది కదా. అన్నయ్యో అక్కో ఇప్పటికే ఆ బడిలో ఉంటే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందు వరుస దొరుకుతుంది. అందుకే మొదటి బిడ్డ విషయంలో ఓపిక పట్టి ప్రయత్నించినవారికి తర్వాత శ్రమ తగ్గుతుంది.

‘డొనేషన్’ అన్న మాట దగ్గర కూడా తికమక ఉంది. మన ఊళ్లో డొనేషన్ అంటే సీటు కోసం కట్టే సొమ్ము. చార్టర్ స్కూళ్లు కూడా తల్లిదండ్రులను విరాళాలు అడుగుతుంటాయి. చాలా రాష్ట్రాల్లో భవనాల ఖర్చుకు వాటికి డిస్ట్రిక్ట్ బడులంత డబ్బు రాదు, అందుకని. ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఇవ్వలేదని సీటు తీసేయడానికి వీల్లేదు.

దీన్ సంగతి

పిల్లవాడి దీనీ హక్కులు వేరు, బడి చేసే మతబోధ వేరు. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లనే గందరగోళమంతా వస్తోంది.

పిల్లవాడి హక్కులు గట్టివే. భోజన విరామంలో, ఖాళీ సమయంలో తనంతట తాను నమాజు చదువుకోవచ్చు. రోజా ఉండవచ్చు. హైస్కూలులో ఇతర క్లబ్బులను అనుమతిస్తే ముస్లిం విద్యార్థుల సంఘాన్ని కూడా అనుమతించాలని 1984 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. హిజాబ్ విషయంలో ఓక్లహోమా రాష్ట్రం మస్కోగీ ఉదంతం మన ఆడపిల్లల తల్లిదండ్రులందరికీ తెలిసి ఉండాలి. 2003లో అక్కడి ప్రభుత్వ బడి ఆరో తరగతి బాలికను హిజాబ్ వేసుకున్నందుకు సస్పెండ్ చేసింది. కుటుంబం కోర్టుకెళ్లింది. కేంద్ర న్యాయశాఖ ఆ బాలిక పక్షాన నిలిచింది. 2004లో డిస్ట్రిక్ట్ రాజీకొచ్చి తన నిబంధన మార్చుకుంది. చార్టర్ స్కూళ్లలో యూనిఫాం ఎక్కువ కాబట్టి, చేరకముందే ఈ సంగతి అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

జుమా నమాజుకు బయటికి పంపడం రాష్ట్రాన్ని బట్టి, బడిని బట్టి మారుతుంది. ఈద్ సెలవు కూడా అంతే. న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు 2015 నుంచి రెండు ఈదులకూ సెలవు ఇస్తున్నాయి. కానీ చార్టర్ స్కూలు క్యాలెండర్ దాని సొంతం, ఆ సెలవు అందులో ఉండాలని లేదు. హలాల్ భోజనం సంగతి కూడా నేరుగా అడిగి తెలుసుకోవాల్సిందే.

బడి తనంతట తాను మతం బోధించడం మాత్రం కుదరదు. ఉపాధ్యాయుడు నమాజు చదివించకూడదు, దీనియాత్ పీరియడ్ పెట్టకూడదు, ముస్లిం పిల్లలనే చేర్చుకుంటామనకూడదు. ఈ గీత దాటారన్న ఆరోపణ ఎంత దూరం తీసుకెళుతుందో మినసోటాలోని తారిఖ్ ఇబ్న్ జియాద్ అకాడమీ చూసింది. 2003లో మొదలైన చార్టర్ స్కూలు అది. ఎక్కువమంది వలస వచ్చిన ముస్లిం కుటుంబాల పిల్లలు, అందులోనూ పేదలే అధికం. పరీక్ష ఫలితాలు బాగుండేవి. అరబీ ఒక భాషగా నేర్పేవారు. భవనం ఒక ముస్లిం సంస్థతో కలిసి వాడుకునేవారు. బడి ముగిశాక అక్కడే దీనీ తరగతులు జరిగేవి, బస్సులు ఆ తరగతుల తర్వాతే బయలుదేరేవి. 2008లో రాష్ట్ర విద్యాశాఖ విచారించి, శుక్రవారం నమాజు పద్ధతి, బస్సుల వేళలు సరిదిద్దమంది. 2009 జనవరిలో అక్కడి పౌరహక్కుల సంస్థ దావా వేసింది. ఆరోపణలను బడి ఖండించింది. ఈలోగా రాష్ట్ర చట్టం మారి, బడికి అనుమతినిచ్చిన ఇస్లామిక్ రిలీఫ్ సంస్థ ఆ స్థానంలో కొనసాగలేకపోయింది. మరో సంస్థ దొరకలేదు. 2011 వేసవిలో బడి మూతపడింది. తప్పెవరిదన్న వాదన అలా ఉంచితే, వందలాది పిల్లలు కొత్త బడులు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇది మనకొక్కరికే ఎదురైన సమస్య కాదు. ఓక్లహోమాలో కేథలిక్కులు సెయింట్ ఇసిడోర్ పేరుతో ఆన్‌లైన్ చార్టర్ స్కూలు పెట్టబోయారు. 2023లో బోర్డు అనుమతించింది, 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 మే 22న దేశ సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలిపోవడంతో కింది తీర్పే నిలిచింది. అలా చీలిన తీర్పు దేశమంతటికీ వర్తించే నిర్ణయం కాదు కనుక ఈ వివాదం మళ్లీ కోర్టుకు రావచ్చు. అంతవరకు చార్టర్ స్కూలుకు మతం లేదనే మనం లెక్క వేసుకోవాలి.

వోచర్లు, విద్యా ఖాతాలు అనేవి ఇంకొక దారి. అవి చార్టర్ కావు. టెక్సాస్ 2025లో చేసిన చట్టం లాంటివి తల్లిదండ్రుల తరఫున ప్రైవేటు బడికి డబ్బు చెల్లిస్తాయి. ఆ బడి మతపరమైనదైనా కావచ్చు. పేర్లు ఒకేచోట వినబడుతున్నాయని రెంటినీ కలపకండి.

బడి మంచిదేనా అని ఎలా తెలుస్తుంది?

చార్టర్ అయినంత మాత్రాన మంచిదని గాని చెడ్డదని గాని అనలేం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో కేంద్రం 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అదే రకం పిల్లలతో పోలిస్తే చార్టర్ విద్యార్థులు ఏడాదిలో చదవడంలో సగటున 16 రోజుల పాఠాలకు, లెక్కల్లో 6 రోజుల పాఠాలకు సమానమైన ప్రగతి అదనంగా సాధించారు. పెద్ద తేడా ఏమీ కాదు. కానీ సగటు వెనుక పెద్ద తేడాలు దాగి ఉన్నాయి. నగరాల్లోని పేద నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు లాభం చాలా ఎక్కువ. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే చార్టర్ స్కూళ్ల పిల్లలు మాత్రం చదవడంలో 58 రోజులు, లెక్కల్లో 124 రోజులు వెనుకబడ్డారు. అమ్మాయి ఇంట్లోనే ఉండి చదువుకుంటుందని ఆన్‌లైన్ బడి వైపు మొగ్గే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. ఈ అంకెలు చూశాక మరొకసారి ఆలోచించమని వారికి మా విన్నపం. ఒహాయోలో ఈకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ స్కూలు 2018 జనవరిలో, చదువుల సంవత్సరం మధ్యలో మూతపడితే దాదాపు 12 వేల మంది విద్యార్థులు చెల్లాచెదురయ్యారు. లెక్కలో చూపిన విద్యార్థుల చదువుకు తగిన రుజువులు లేవని తేల్చి, తీసుకున్న సొమ్ములో కోట్ల డాలర్లు తిరిగి కట్టమని రాష్ట్రం అడగడంతో ఆ బడి కూలిపోయింది.

ఎడిసన్, నేపర్‌విల్, ఫ్రిస్కో లాంటి చోట్ల ఉంటూ మంచి డిస్ట్రిక్ట్ బడి నడక దూరంలో ఉన్న కుటుంబానికి చార్టర్ వల్ల కలిగే అదనపు మేలు తక్కువే అని మా అభిప్రాయం. పెద్ద నగరంలో బలహీనమైన బడి పరిధిలో ఇల్లున్నవారికి అది నిజమైన అవకాశం.

చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీది రంగులూ రోబో బొమ్మలూ చూసి మురిసిపోకుండా, మీ చార్టర్ గడువు ఎప్పటికి ముగుస్తుంది, కిందటిసారి ఎన్నేళ్లు పొడిగించారు అని అడగండి. గడువు వచ్చే ఏడాదే ముగిసేటట్టయితే అనుమతినిచ్చిన సంస్థ నివేదిక చదవకుండా చేర్పించకండి. ప్రతి బడికీ రాష్ట్రం ఇచ్చే రిపోర్టు కార్డు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అందులో ఎంతమంది పాసయ్యారన్నదాని కంటే, ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్లారన్న వరుసే అసలు సంగతి చెబుతుంది. బాగా చదివే పిల్లలు చేరిన బడికి పాసు శాతం ఎలాగూ బాగానే ఉంటుంది. ఉపాధ్యాయులు ఏటా ఎంతమంది మానేస్తున్నారు, పిల్లలు మధ్యలో ఎందుకు వెళ్లిపోతున్నారు అన్నవీ అడగాల్సినవే. బస్సు సంగతి మరిచిపోవద్దు. అనేక చార్టర్ స్కూళ్లకు బస్సు ఉండదు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో రోజుకు రెండుసార్లు అరగంట కారు ప్రయాణం అంటే, ఫీజు లేకపోయినా ఖర్చు ఉన్నట్టే. ఎనిమిదో తరగతితో ఆగిపోయే బడులూ ఉన్నాయి. తొమ్మిదికి మళ్లీ వెతుకులాట తప్పదు.

చదువులో ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలున్న కుటుంబాలకు ఒక మాట. మేము చిన్న బడి, మీ బాబుకు ఇక్కడ కుదరదు అని ఎవరైనా నెమ్మదిగా చెప్పి పంపేస్తే నమ్మకండి. వైకల్యం ఉన్న పిల్లల విద్యాచట్టం చార్టర్ స్కూలుకూ పూర్తిగా వర్తిస్తుంది.

దాతల డబ్బు ఎక్కడ అవసరం?

అక్కడున్న మన దాతలు కొందరు కలిసి తామే ఒక చార్టర్ స్కూలు పెడితే ఎలా ఉంటుందని మమ్మల్ని అడిగారు. పెట్టవచ్చు, పొరుగువారి పిల్లలకు మంచి బడి ఇవ్వడం ఖిద్మతే. కానీ ఆ బడి మొత్తం ఊరిది. అందులో దీన్ నేర్పలేమని ముందే ఒప్పుకుని దిగాలి. అక్కడి ఫీజుల కోసం విరాళం పోగుచేయాల్సిన పని లేదు, ఎందుకంటే ఫీజే లేదు. సర్కారు డబ్బు వెళ్లలేని చోట మన డబ్బు అవసరం ఉంది. శని, ఆదివారాల మక్తబ్‌కు, అందులో పాఠం చెప్పే హాఫిజ్ సాబ్ జీతానికి, ఏడాదికి వేల డాలర్లు కట్టలేక ఇస్లామిక్ స్కూలు మాన్పించాలనుకుంటున్న ఇంటి పిల్లల ఫీజుకు అది వెళ్లాలి. ఇందులో జకాత్ దేనికి చెల్లుతుంది, సదఖా దేనికి అన్నది మీ దగ్గరి ఉలమాను అడిగి తేల్చుకోండి. చార్టర్ స్కూలులో చేర్చి, ఫీజు మిగిలిన కుటుంబం ఆ మిగులులో కొంత మక్తబ్‌కు కేటాయిస్తే పిల్లవాడికి రెండు చదువులూ అందుతాయి. మాకు తెలిసిన కుటుంబాల్లో ఈ పద్ధతే ఎక్కువ నిలబడుతోంది.

ఇక్కడి నుంచి ఈ ఏడాది వెళ్లబోయే కుటుంబాలకు. చాలాచోట్ల ఆగస్టులో చేరే సీట్లకు లాటరీ అంతకుముందు శీతాకాలం, వసంతకాలాల్లోనే అయిపోతుంది. మీరు జూన్‌లో దిగితే చార్టర్ సీటు దొరకడం కష్టం. కంగారుపడకుండా చిరునామా ప్రకారం వచ్చే డిస్ట్రిక్ట్ బడిలో చేర్చండి, ఏడాది మధ్యలో వచ్చినా అది చేర్చుకుని తీరాలి. చార్టర్ స్కూలు వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి ఉంచండి. జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, ఇక్కడి బడి మార్కుల పత్రాలు వెంట తీసుకెళ్లండి. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. పిల్లవాణ్ణి వెనుక బెంచీలో వేస్తారేమోనన్న భయంతో కొందరు ఇంగ్లీషు అని రాస్తున్నారు. తెలుగు, ఉర్దూ అని ఉన్నదున్నట్టే రాయండి. చిన్న పరీక్ష పెట్టి, అవసరమైతే ఇంగ్లీషులో అదనపు బోధన ఉచితంగా ఇస్తారు. అక్కర్లేదనుకుంటే వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఎలాగూ ఉంది.